3,000 పౌండ్లకే కొన్నారు, 3,000 పౌండ్లకే అమ్మేశారు: డిక్సీ డీన్ జీవితం

1925 మార్చిలో ఇంగ్లండ్‌లోని ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్ ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని 3,000 పౌండ్లకు కొన్నది. పదమూడేళ్లు ఆడించుకుంది. 383 గోల్స్ కొట్టించుకుంది. అతని గోల్స్‌తో రెండుసార్లు దేశ ఛాంపియన్ అయింది, ఒకసారి ఎఫ్.ఏ. కప్ గెలిచింది. 1938 మార్చిలో అదే మనిషిని మూడో డివిజన్ క్లబ్ ఒకదానికి అమ్మేసింది. ధర మళ్లీ 3,000 పౌండ్లే. అప్పటికి అతని వయసు 31.

అతని పేరు విలియం రాల్ఫ్ డీన్. లోకం డిక్సీ డీన్ అని పిలిచింది. ఇంగ్లండ్ మొదటి డివిజన్‌లో ఒకే సీజన్‌లో 60 గోల్స్ కొట్టిన ఒకే ఒక్కడు. దాదాపు వందేళ్లు అవుతోంది, ఇంకా ఎవరూ ఆ అంకె దగ్గరికి కూడా రాలేదు. అంత చేసినవాణ్ని క్లబ్ ఉంచుకోవాల్సిందా, పంపించెయ్యడమే సబబా అన్నది అప్పుడు లివర్‌పూల్ నగరంలో టీ కొట్టు నుంచి ఓడరేవు దాకా నడిచిన చర్చ. జవాబు చెప్పాలంటే ముందు ఆ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో చూడాలి.

లివర్‌పూల్ నగరానికి మెర్సీ నది అవతలి ఒడ్డున బర్కెన్‌హెడ్ అనే ఊరుంది. ఓడలు కట్టే ఊరు, కూలీల ఊరు. డీన్ 1907 జనవరి 22న అక్కడే పుట్టాడు. నాన్న రైల్వే ఉద్యోగి. 1914-15 సీజన్‌లో ఒకరోజు నాన్న చెయ్యి పట్టుకుని నది దాటించి గుడిసన్ పార్క్ మైదానానికి తీసుకెళ్లాడు. ఎవర్టన్ ఆ ఏడాది ఛాంపియన్. ఏడెనిమిదేళ్ల పిల్లాడి మనసులో ఆ నీలం చొక్కా అలా నాటుకుపోయింది. తర్వాత పదేళ్లకు ఎవర్టన్ సెక్రటరీ తనను చూడ్డానికి నది ఒడ్డున హోటల్‌కి వచ్చాడని తెలిసినప్పుడు డీన్ ఇంటి నుంచి అక్కడిదాకా పరుగెత్తుకుంటూ వెళ్లాడట. బేరం లేదు, ఆలోచించుకుంటాననడం లేదు.

చిన్నతనం సుఖంగా గడవలేదు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో తెల్లవారకముందే లేచి ఇంటింటికీ పాలు పోశాడు. ఆట మీద పిచ్చి ఎంతంటే, తప్పు చేసిన పిల్లల్ని ఉంచే పారిశ్రామిక పాఠశాలలో ఫుట్‌బాల్ సౌకర్యాలు బాగున్నాయని తెలిసి అక్కడ చేరాడు. తోటి పిల్లలు నువ్వేం చేశావని అడిగితే దొంగతనం చేశానని అబద్ధం చెప్పేవాడు. పద్నాలుగేళ్లకు చదువు ఆపేసి రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్ అయ్యాడు. మిగతా కుర్రాళ్లు వద్దనుకునే రాత్రి డ్యూటీని కావాలని అడిగి తీసుకున్నాడు. పగలు ఆడుకోవచ్చు కదా.

పదహారేళ్లకు సొంత ఊరి క్లబ్ ట్రాన్మీర్ రోవర్స్‌లో చేరాడు. 30 లీగ్ మ్యాచ్‌ల్లో 27 గోల్స్. పెద్ద క్లబ్బులన్నీ నది దాటి వచ్చాయి. ఎవర్టన్ వచ్చేదాకా డీన్ కదల్లేదు.

డిక్సీ అన్న పేరు గురించి ఇక్కడే ఒక మాట చెప్పుకోవాలి. డీన్ ఛాయ కొంచెం నలుపు, జుట్టు ఉంగరాలు. డిక్సీ అంటే అమెరికాలో నల్లజాతివాళ్లను బానిసలుగా ఉంచిన దక్షిణాది రాష్ట్రాల ముద్దుపేరు. ఆ రంగును బట్టే జనం ఆ పేరు తగిలించారని చాలామంది చెబుతారు. లోకమంతా ప్రేమగానే పిలిచినా ఆ పేరు డీన్‌కు మాత్రం నచ్చేది కాదు. దగ్గరివాళ్లు బిల్ అని పిలిస్తేనే ఇష్టం. విగ్రహం పెట్టినా, పుస్తకం రాసినా జనం డిక్సీ అనే రాశారు. ఎదుటివాడికి ఏ పేరు గుచ్చుకుంటుందో అడిగే అలవాటు ఆ జమానాలో లేదు. ఇప్పుడు మాత్రం ఎంతుందో!

ఎవర్టన్‌లో మొదటి పూర్తి సీజన్‌లోనే 32 లీగ్ గోల్స్ కొట్టాడు. ఆ సీజన్ ముగిశాక, 1926 వేసవిలో, ఉత్తర వేల్స్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదం జరిగింది. పుర్రె పగిలింది, దవడ విరిగింది. బతకడమే కష్టమన్నారు. బతికితే ఆట సంగతి మరిచిపోవాలన్నారు. ఆ రోజుల బంతి తోలుది, పైన లేసు కుట్టు ఉండేది, వానలో తడిస్తే రాయిలా బరువెక్కేది. పగిలి అతుక్కున్న తలతో అలాంటి బంతిని కొట్టడం అంటే మాటలు కాదు. కొన్ని నెలలకే డీన్ తిరిగొచ్చాడు, వచ్చి తలతోనే గోల్ కొట్టాడు. జీవితమంతా అతనికి పేరు తెచ్చింది కూడా ఆ హెడర్లే.

ఇక 1927-28. ఆ సీజన్ కథ మీద పుస్తకాలే ఉన్నాయి కాబట్టి ముఖ్యమైనది చెప్పుకుందాం. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన మార్చారు. అంతకుముందు దాడి చేసేవాడికీ గోల్ లైనుకూ మధ్య ప్రత్యర్థులు ముగ్గురుండాలి, ఆ తర్వాత ఇద్దరుంటే చాలు. గోల్స్ వరద మొదలైంది. మిడిల్స్‌బ్రో ఆటగాడు జార్జ్ కామ్సెల్ 1926-27లో రెండో డివిజన్‌లో 59 కొట్టాడు. దాన్ని దాటాలంటే డీన్‌కు చివరి మూడు మ్యాచ్‌ల్లో తొమ్మిది గోల్స్ కావాలి. ఆస్టన్ విల్లా మీద రెండు, బర్న్‌లీ మీద నాలుగు కొట్టాడు. మిగిలింది మూడు. 1928 మే 5న గుడిసన్ పార్క్‌లో ఆర్సెనల్‌తో ఆఖరి మ్యాచ్. ఎవర్టన్ అప్పటికే ఛాంపియన్, జనం వచ్చింది ఒక్క అంకె కోసమే. డీన్ మొదటి గోల్, ఆ తర్వాత పెనాల్టీ తొందరగానే కొట్టేశాడు. మూడోది రావట్లేదు. ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా పొట్టి వింగర్ అలెక్ ట్రూప్ కార్నర్ కొట్టాడు. అందరికంటే పైకి లేచింది డీన్ తల. 60. అప్పటికి అతని వయసు 21. అదీ 39 మ్యాచ్‌ల్లోనే.

ఆ తర్వాత దశకమంతా పండగేం కాదు. గాయాల వల్ల డీన్ చాలా మ్యాచ్‌లకు దూరమైన 1929-30లో ఎవర్టన్ ఆఖరి స్థానానికి పడి రెండో డివిజన్‌కు దిగిపోయింది. పెద్ద క్లబ్బులకు వెళ్లే దారి ఉన్నా డీన్ జట్టుతో పాటే దిగాడు. రెండో డివిజన్‌లో 37 మ్యాచ్‌ల్లో 39 గోల్స్ కొట్టి వెంటనే పైకి తెచ్చాడు. మరుసటి ఏడాది 1931-32లో మళ్లీ దేశ ఛాంపియన్. 1933లో కెప్టెన్‌గా వెంబ్లీలో మాంచెస్టర్ సిటీని 3-0తో ఓడించి ఎఫ్.ఏ. కప్ అందుకున్నాడు. ఎఫ్.ఏ. కప్ ఫైనల్‌లో ఆటగాళ్ల వీపు మీద నంబర్లు వెయ్యడం అదే మొదటిసారి. ఎవర్టన్‌కి 1 నుంచి 11, సిటీకి 12 నుంచి 22. డీన్‌ది 9. సెంటర్ ఫార్వర్డ్ అంటే తొమ్మిదో నంబర్ అని నేటికీ అంటున్నాం. ఇంగ్లండ్ జట్టు తరఫున 16 మ్యాచ్‌ల్లో 18 గోల్స్.

ఇంత చేసినా అతని జీతం వారానికి 8 పౌండ్లే. ఎంత గొప్ప ఆటగాడికైనా అంతకు మించి ఇవ్వకూడదని లీగ్ నిబంధన. వేసవిలో ఇంకా తక్కువ. క్లబ్ ఒప్పుకోకపోతే ఆటగాడు వేరే క్లబ్‌కి పోవడానికి లేదు, ఒప్పందం ముగిసినా సరే రిజిస్ట్రేషన్ క్లబ్ గుప్పిట్లోనే. అంటే ఆటగాడి వఫాదారీ ఎంత మనసులోంచి వచ్చిందో, ఎంత కట్టడి వల్ల వచ్చిందో విడదీయడం కష్టం. డీన్ విషయంలో మాత్రం పరుగెత్తుకుంటూ నది ఒడ్డుకు వెళ్లిన కుర్రాడు గుర్తుకొస్తాడు. అటువైపు క్లబ్‌కి మాత్రం ఏ కట్టడీ లేదు. ఎప్పుడు అమ్మాలో వాళ్ల ఇష్టం.

శరీరం మెల్లగా లెక్క అడగడం మొదలుపెట్టింది. 1933-34లో చీలమండ ఆపరేషన్ వల్ల పన్నెండు లీగ్ మ్యాచ్‌లే ఆడాడు. సెంటర్ ఫార్వర్డ్‌ని ఆపడానికి ప్రతి జట్టూ ఇప్పుడు మధ్యలో ఒక బలమైన కాపలాదారుణ్ని నిలబెడుతోంది, వాడి పని డీన్ లాంటివాళ్లను తన్నడమే. అయినా 1936లో స్టీవ్ బ్లూమర్ పేరిట ఉన్న లీగ్ గోల్స్ రికార్డును దాటేశాడు. ఆ 1936-37 సీజన్‌లో 36 మ్యాచ్‌ల్లో 24 గోల్స్ కొట్టాడు. పనికిరాకుండా పోయినవాడి అంకెలు కావవి. కానీ చూసేవాళ్లకు తేడా తెలుస్తోంది. ఒకప్పుడు బంతి కంటే ముందు చేరేవాడు ఇప్పుడు బంతితో పాటు చేరుతున్నాడు.

అదే సీజన్ మధ్యలో, కొత్త సంవత్సరం వేళ, ఎవర్టన్ బర్న్‌లీ నుంచి పదిహేడేళ్ల టామీ లాటన్‌ను 6,500 పౌండ్లకు కొన్నది. ఆ వయసు కుర్రాడికి అంత ధర అప్పటిదాకా ఎవరూ వినలేదు. ఎందుకు కొన్నారో అడగాల్సిన పని లేదు. లాటన్ కూడా సెంటర్ ఫార్వర్డే, అతని బలం కూడా హెడరే. కుర్రాడు మొదటి రోజు ట్రామ్ ఎక్కితే కండక్టర్ గుర్తుపట్టి, నువ్వెంత ఆడినా డీన్ అంత కాలేవని మొహం మీదే చెప్పాడట. జనం ఎవరి వైపు ఉన్నారో దాంతో తెలిసిపోతుంది.

డీన్ ఏం చేశాడన్నదే ఈ కథలో అన్నిటికంటే పెద్ద విషయం. మరొకడైతే మొహం చాటేసేవాడు, డ్రెస్సింగ్ రూమ్‌లో వర్గం కట్టేవాడు. జట్టులో అతని మాటకు ఉన్న బరువుకి అది చిటికెలో పని. డీన్ మాత్రం కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి, నువ్వు నా చోటుకే వచ్చావని నాకు తెలుసు, నాకు చేతనైనంత నేర్పుతానని చెప్పాడు. లాటన్ ముసలివాడయ్యాక కూడా ఆ రోజు సంగతి చెప్పుకునేవాడు. ఎప్పుడు ఎగరాలి, గాలిలో ఎలా ఆగినట్టు ఉండాలి, బంతిని కిందికి ఎలా దించాలి, అన్నీ డీన్ దగ్గర నేర్చుకున్నవే. ఉస్తాద్ తన కుర్చీని తానే తుడిచి షాగిర్ద్‌కి చూపించినట్టు. కొన్ని మ్యాచ్‌లు ఇద్దరూ పక్కపక్కనే ఆడారు కూడా.

మరి గొడవ ఎక్కడ? డీన్‌ను తెచ్చిన సెక్రటరీ టామ్ మెకింతోష్ 1935లో చనిపోయాడు. ఆయనకూ డీన్‌కూ మధ్య తండ్రీకొడుకుల లాంటి నమ్మకం. ఆయన చోటులోకి వచ్చిన థియో కెల్లీతో డీన్‌కు మొదటి నుంచీ పొసగలేదు. పాత ఆటగాళ్లను ఒక్కొక్కరినీ ఏరెయ్యాలన్నదే కెల్లీ ఉద్దేశమని డీన్ నమ్మాడు, చివరిదాకా అలాగే చెప్పాడు. కెల్లీ వైపు నుంచి చూస్తే వేరుగా ఉంటుంది. ఆఫీసు మాట కంటే కెప్టెన్ మాట ఎక్కువ చెల్లే క్లబ్‌ను నడపడం ఎవరికైనా కష్టమే. పైగా ఆ రోజుల్లో జట్టును ఎంపిక చేసేది డైరెక్టర్ల కమిటీ. కాబట్టి తప్పైనా ఒప్పైనా ఒక్క కెల్లీ నెత్తిన వెయ్యడం న్యాయం కాదు.

ఆటపరంగా క్లబ్ వాదన గట్టిదే. అప్పట్లో సబ్‌స్టిట్యూట్లు లేరు. ఈ రోజుల్లోలాగా చివరి ఇరవై నిమిషాలకు పాత స్ట్రైకర్‌ను దింపి రెండు పనులూ చక్కబెట్టే వీల్లేదు. పదకొండు మందిలో సెంటర్ ఫార్వర్డ్ ఒక్కడే, మిగిలినవాడు రిజర్వ్ జట్టులో ఆడాలి. 1937-38లో డీన్ పెద్ద జట్టుకు ఆడింది ఐదే లీగ్ మ్యాచ్‌లు. అదే సీజన్‌లో లాటన్ 28 గోల్స్‌తో మొదటి డివిజన్‌లో అందరికంటే ముందున్నాడు. పద్దెనిమిదేళ్లవాడు అలా ఆడుతుంటే ఏ కమిటీ అయినా అతణ్ని పక్కన పెడుతుందా? మరుసటి సీజన్ 1938-39లో లాటన్ 30కి పైగా గోల్స్ కొట్టాడు, ఎవర్టన్ మళ్లీ ఛాంపియన్. కాగితం మీద చూస్తే డైరెక్టర్లు గెలిచారు.

అయితే ఇదే ఇంగ్లండ్‌లో ఇంకో లెక్క కూడా ఉంది. స్టోక్ సిటీ క్లబ్ 1947లో స్టాన్లీ మాథ్యూస్‌ను 32 ఏళ్ల వయసులో 11,500 పౌండ్లకు బ్లాక్‌పూల్‌కి అమ్మేసింది. అతని పని అయిపోయిందనుకున్నారు. ఆ మాథ్యూసే 1953లో బ్లాక్‌పూల్‌కి ఎఫ్.ఏ. కప్ తెచ్చిపెట్టాడు, 1956లో యూరప్ ఉత్తమ ఆటగాడి బంగారు బంతి మొట్టమొదట అందుకున్నాడు. 1961లో, 46 ఏళ్లవాణ్ని స్టోక్ మళ్లీ కొనుక్కుంది. ఖాళీగా ఉన్న స్టేడియం నిండింది, రెండేళ్లలో జట్టు మొదటి డివిజన్‌కి ఎక్కింది. అందుకని పుట్టిన తేదీ చూసి లెక్క కట్టేస్తే దెబ్బ తినొచ్చు. కాకపోతే మాథ్యూస్ వింగర్, గీతను ఆనుకుని ఆడేవాడు, ఒళ్లు అద్దంలా కాపాడుకున్నాడు. డీన్ పెనాల్టీ బాక్సులో మోచేతుల మధ్య బతికినవాడు. పుర్రె, దవడ, చీలమండలు అన్నీ ఇచ్చేశాడు. అతను ఇంకో పదేళ్లు ఆడేవాడని అనుకోవడం భ్రమే.

అతన్ని బాధపెట్టింది చోటు పోవడం కాదు. ఆ చోటుకి మనిషిని తనే తయారు చేశాడు. పంపించిన తీరు బాధపెట్టింది. 1938 మార్చి 11న నాట్స్ కౌంటీకి అమ్మకం అయిపోయింది. చివరి మ్యాచ్ అని చెప్పి జనం ముందు నిలబెట్టలేదు. పదమూడేళ్ల పాటు గుడిసన్ పార్క్ నింపినవాడు మామూలు రోజున మామూలు కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయాడు. కెల్లీ వీడ్కోలు మాట కూడా చెప్పలేదని డీన్ చాలా ఏళ్లు గుర్తుపెట్టుకున్నాడు. రిజర్వ్ జట్టులో పెట్టి కుర్రాళ్లకు నేర్పమని ఉంటే క్లబ్‌కి అయ్యే ఖర్చు అదే వారానికి ఎనిమిది పౌండ్లు. లాటన్ విషయంలో ఆ పని జీతం లేకుండానే చేసి చూపించాడు కదా. దాన్ని చూసి కూడా ఆ దారి పట్టలేదన్నదే డైరెక్టర్ల అసలు లోటు అనిపిస్తుంది.

నాట్స్ కౌంటీలో గాయాలే మిగిలాయి. తొమ్మిది లీగ్ మ్యాచ్‌లు, మూడు గోల్స్. 1939 జనవరిలో ఐర్లాండ్‌లోని స్లైగో రోవర్స్ పిలిచింది. చిన్న ఊరు, చిన్న క్లబ్. డీన్ అక్కడ ఏడు లీగ్ మ్యాచ్‌ల్లో పది గోల్స్ కొట్టాడు, జట్టును ఐర్లాండ్ కప్ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు, ఫైనల్‌లో గోల్ కూడా కొట్టాడు. రీప్లేలో షెల్బోర్న్ గెలిచింది. అక్కడ వచ్చిన పతకాన్ని ఎవరో హోటల్లో కొట్టేశారు. ఏడేళ్ల తర్వాత పేరు లేని పార్సిల్‌లో అది తిరిగొచ్చిందని డీన్ నవ్వుతూ చెప్పేవాడు. దొంగ మనసు మారిందేమో! కొద్ది నెలల్లో రెండో ప్రపంచయుద్ధం వచ్చింది, ఆట ముగిసింది.

లాటన్ సంగతి కూడా చెప్పాలి. 1945లో ఎవర్టన్ వదిలి చెల్సీకి వెళ్లాడు. 1947లో అక్కడి నుంచి 20,000 పౌండ్ల రికార్డు ధరకు వెళ్లిన క్లబ్ ఏదో కాదు, అదే మూడో డివిజన్‌లోని నాట్స్ కౌంటీ.

యుద్ధం తర్వాత డీన్ చెస్టర్ పట్టణంలో డబ్లిన్ ప్యాకెట్ అనే పబ్ నడిపాడు. జనం తాగడానికి కంటే అతన్ని చూడ్డానికే ఎక్కువ వచ్చేవారు. ఆ తర్వాత లివర్‌పూల్‌లో లిటిల్‌వుడ్స్ పూల్స్ కంపెనీలో పోర్టర్‌గా చేశాడు. దేశంలో గోల్స్ మీద పందేలు నడిపే కంపెనీ అది, అందులో దేశంలోకెల్లా ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లలో ఒకడు తలుపు దగ్గర ఉద్యోగి. ఫిర్యాదు చేసినట్టు ఎవరూ చెప్పరు. ఇప్పటి ఆటగాళ్ల డబ్బు తెలిసిన మనకు అది మింగుడుపడదు గానీ, ఆ తరం ఆటగాళ్లలో చాలామంది గతి అదే.

ఎవర్టన్ బాకీ తీర్చుకోవడానికి ఇరవై ఆరేళ్లు పట్టింది. 1964 ఏప్రిల్‌లో గుడిసన్ పార్క్‌లో డీన్ కోసం టెస్టిమోనియల్ మ్యాచ్ పెట్టారు. ఇంగ్లండ్, స్కాట్లండ్ ఆటగాళ్లతో రెండు జట్లు ఆడాయి. ముప్పై వేల మందికి పైగా వచ్చారు. వాళ్లలో చాలామంది అతని ఆట చూసినవాళ్లు కారు, నాన్నల నోట విన్నవాళ్లు. కొన్ని వేల పౌండ్లు పోగయ్యాయి. 1938లో దొరకని వీడ్కోలు ఆ రాత్రి దొరికింది.

1976లో రక్తం గడ్డకట్టి కుడికాలు తీసేశారు. చక్రాల కుర్చీ వచ్చింది. గుడిసన్ పార్క్‌కి వెళ్లాలంటే ఇంకొకరి సాయం కావాలి, అందుకని వెళ్లడం తగ్గిపోయింది. 1980 మార్చి 1న ఎవర్టన్, లివర్‌పూల్ మధ్య మ్యాచ్ ఉందంటే మాత్రం బయల్దేరాడు. ఆ రోజు లివర్‌పూల్ మాజీ మేనేజర్ బిల్ షాంక్లీ, పోటీ క్లబ్ మనిషే అయినా, డీన్‌ను షేక్‌స్పియర్, రెంబ్రాంట్, బీథోవెన్‌ల వరసలో కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆ తర్వాత డీన్ స్టాండ్‌లోకి వెళ్లి మ్యాచ్ చూశాడు. ఆట ముగింపుకు వచ్చేసరికి గుండెపోటు వచ్చింది. నాన్న చెయ్యి పట్టుకుని మొదటిసారి వచ్చిన మైదానంలోనే, 73 ఏళ్ల వయసులో ప్రాణం పోయింది. మ్యాచ్ లివర్‌పూల్ 2-1తో గెలిచింది.